బతికున్న కణానికి పసుపు

రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పేసి, వెలుగుతున్న టార్చి మీద మూడు వేళ్లు ఆనించి చూడండి. వేళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా కనిపిస్తాయి. టార్చిలోంచి వచ్చేది తెల్లటి వెలుగు. అందులో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి. వేళ్లకు ఇవతల మాత్రం ఎరుపొక్కటే వచ్చింది. నీలం, ఆకుపచ్చ రంగుల్ని చాలావరకు రక్తంలోని హీమోగ్లోబిన్ మింగేసింది. మింగగా మిగిలింది చర్మంలోనూ కండలోనూ తగిలి దిక్కు తప్పి చెదిరిపోయింది. తరంగదైర్ఘ్యం ఎక్కువున్న ఎరుపు తక్కువ చెదిరి, తక్కువ ఖర్చయి బయటపడింది. ఎరుపుకు అవతల, కంటికి కనపడని దగ్గరి పరారుణ కాంతి ఇంకా బాగా దూరుతుంది.

ఈ ఆటలో జీవశాస్త్రజ్ఞుల పెద్ద తలనొప్పి ఒకటి దాగి ఉంది. జీవకణం దాదాపు నీటిబొట్టులా పారదర్శకంగా ఉంటుంది. మైక్రోస్కోపు కింద అంచులు కనిపిస్తాయి తప్ప, లోపల కాల్షియం ఎటు పోతోందో, మైటోకాండ్రియా ఏం చేస్తోందో కనిపించదు. ఉల్లిపొర ప్రాక్టికల్లో మనం సాఫ్రనిన్ చుక్క వేసేది అందుకే. అయితే ఆ ప్రాక్టికల్లో ఉల్లి కణం బతికుందా చచ్చిందా అని మనల్ని ఎవరూ అడగరు. పరిశోధకులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే. ఎలుక మెదడులో ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురు పంపే క్షణాన్ని చూడాలంటే ఎలుక బతికుండాలి, కణం తన పని తాను చేసుకుంటూ ఉండాలి. ఆ కణమేమో మెదడు పైపొర నుంచి అర మిల్లీమీటరు లోతులో ఉంటుంది. మెదడును పలచటి ముక్కలుగా కోస్తే కణం బాగానే కనిపిస్తుంది, కబురు మాత్రం ఆగిపోతుంది.

రంగు వేసి వెలుగుతో చూడాలి. చాలా రంగులు వెలగడానికి కోరేది నీలం లేదా ఊదా కాంతి. ఆ కాంతి లోపలికి దూరదు, దూరినంత మేర కణాన్ని గాయపరుస్తుంది. ఈ చిక్కుకు 1990 నుంచి వాడుకలో ఉన్న ఒక చక్కటి జవాబు టూ-ఫోటాన్ ఇమేజింగ్. దానికి తగిన రంగు అణువుల్ని ఎలా కడతారో మేము చదివి అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. లెక్కలన్నీ కాగితం మీద అయిదు నిమిషాల్లో చేసేవే.

పసుపు చెప్పే పాఠం

ఏ ఊరికి బదిలీ అయినా మన వంటింట్లో ఉండే వస్తువుతో మొదలుపెడదాం. చిటికెడు పసుపు గాజు గ్లాసులో వేసి, పైన కొంచెం సర్జికల్ స్పిరిట్ పోసి కలపండి. మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన పసుపుపచ్చటి ద్రవాన్ని వేరే గ్లాసులోకి వంచండి. చీకట్లో దాని మీద దుకాణాల్లో నోట్లు పరీక్షించే యూవీ లైటు వేస్తే, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. దగ్గర పెద్దవాళ్లు ఉండాలి, స్పిరిట్ పక్కన మంట ఉండకూడదు, ఆ లైటు వైపు కళ్లు పెట్టి చూడకూడదు. ఇప్పుడు అదే పసుపును నీళ్లలో కలిపి లైటు వేయండి. ఆ మెరుపు కనిపించదు, కనిపించినా వెలవెలబోతుంది.

మెరిసినది కర్కుమిన్ అనే అణువు. నిజామాబాద్ యార్డులో అమ్మినా, దుగ్గిరాల యార్డులో అమ్మినా పసుపుకు ఆ రంగు ఇచ్చేది ప్రధానంగా ఇదే. కాంతి పడగానే దానిలోని ఒక ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగురుతుంది. అక్కడ అణువు కాస్త వణికి, కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. సెకనులో వందకోట్ల వంతు దరిదాపు కాలంలో ఎలక్ట్రాన్ మళ్లీ కిందికి దిగుతూ మిగిలిన శక్తిని వెలుగుగా విడిచిపెడుతుంది. కొంత శక్తి దారిలో పోయింది కాబట్టి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. స్పిరిట్లో కర్కుమిన్ బాగా మింగేది సుమారు 425 నానోమీటర్ల దగ్గరి కాంతిని, విడిచేది 540 దరిదాపు కాంతిని. దీన్నే ఫ్లోరసెన్స్ అంటాం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతిదీప్తి అని ఉంటుంది.

పసుపు గురించి ఇంట్లో అందరికీ తెలిసిన ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. చొక్కా మీద పసుపు మరక పడి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, అంటే అణువు చుట్టూ ఉన్న పరిసరం మారితే రంగూ మారుతుంది. మరక ఎంత ఉతికినా పోకపోతే ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఎండ ఆ అణువును విరిచేస్తుంది. నీళ్లలో కరగకపోవడం, అక్కడ మెరవకపోవడం, పరిసరాన్ని బట్టి మారడం, వెలుగుకు విరిగిపోవడం. రంగు అణువుల్ని రూపొందించేవాళ్లు రోజూ కుస్తీ పట్టేది వీటితోనే. ఇందులో మూడు లోపాలు, ఒకటి మాత్రం సరిగ్గా వాడుకుంటే గుణం. అందుకే ఈ వ్యాసంలో పసుపును చివరిదాకా వదలం.

ఇద్దరు ఎత్తే ట్రంకుపెట్టె

కాంతి ఫోటాన్లుగా వస్తుందనీ, ఫోటాన్ శక్తి తరంగదైర్ఘ్యానికి విలోమంగా ఉంటుందనీ పన్నెండో తరగతి భౌతికశాస్త్రంలో ఉంది. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో శక్తి వస్తుంది. 400 నానోమీటర్ల ఊదా ఫోటాన్ శక్తి 3.1. 800 నానోమీటర్ల పరారుణ ఫోటాన్ శక్తి 1.55, సరిగ్గా సగం. ఊదా ఫోటాన్ ఒకటి చేసే పనిని పరారుణ ఫోటాన్లు రెండు కలిసి చేయలేవా?

చేయగలవు, కానీ ఒక షరతు ఉంది. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు మన ఇళ్లలో ఇనప ట్రంకుపెట్టె లారీ ఎక్కించడం గుర్తు తెచ్చుకోండి. ఒక్కరు లేపలేరు. ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని ఒకేసారి ఎత్తితే లేస్తుంది. ఒకరు పొద్దున వచ్చి సగం ఎత్తి పోతే, ఇంకొకరు సాయంత్రం వచ్చి మిగతా సగం ఎత్తలేరు, ఎందుకంటే సగం ఎత్తులో పెట్టెను ఆపడానికి అరుగు లేదు. అణువులోనూ సగం శక్తి దగ్గర మెట్టు లేదు. రెండో ఫోటాన్ దాదాపు అదే క్షణంలో రావాలి. ఎంత దాదాపు అంటే, సెకనును కోటి కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ వంద చేస్తే వచ్చేంత.

మామూలు వెలుగులో ఇలాంటి జోడీ పడడం అరుదు. అందుకే లేజర్ వాడతారు, అదీ విడతలు విడతలుగా కొట్టే లేజర్. టైటానియం-సఫైర్ లేజర్ సెకనుకు సుమారు 8 కోట్ల దెబ్బలు కొడుతుంది, ఒక్కో దెబ్బ నిడివి 100 ఫెమ్టోసెకన్లు. గుణించి చూస్తే సెకను మొత్తంలో ఆ లేజర్ నిజంగా వెలిగేది 8 మైక్రోసెకన్లే. సెకనంతా పరుచుకోవాల్సిన ఫోటాన్లు ఆ కాస్త వ్యవధిలో ఇరుక్కుని రావడంతో దెబ్బ కొట్టే క్షణంలో బలం సగటు కంటే 1,25,000 రెట్లు ఉంటుంది. సగటు మాత్రం కొన్ని మిల్లీవాట్లే కాబట్టి కణం ఉడికిపోదు.

దీనివల్ల అడగని వరం ఒకటి దొరికింది. ఇద్దరు కూలీలు కలవాలి కాబట్టి, వెలుగు రెట్టింపు చేస్తే పని నాలుగు రెట్లవుతుంది. లెన్సుతో లేజర్‌ను ఒక బిందువు మీద కేంద్రీకరించామనుకోండి. ఆ బిందువుకు కొంచెం పైన, కాంతి 100 రెట్లు పెద్ద వైశాల్యంలో పరుచుకున్న చోట ఏమవుతుంది? ఒక్కో చోట వెలుగు వందో వంతు. ఒక ఫోటాన్ పద్ధతిలో ఒక్కో అణువు మెరుపు కూడా వందో వంతు. కానీ ఆ పొరలో వెలుగు తగిలే అణువులు 100 రెట్లు ఎక్కువ, కాబట్టి పొర మొత్తం మెరుపు ఏమీ తగ్గదు. పైపొరలూ కింది పొరలూ అన్నీ వెలిగి బొమ్మ అలుక్కుపోతుంది. రెండు ఫోటాన్ల పద్ధతిలో ఒక్కో అణువు మెరుపు వందో వంతులో వందో వంతు, అంటే పదివేలో వంతు. దాన్ని 100తో గుణించినా పొర మొత్తం మెరుపు వందో వంతే. ఇంకాస్త దూరం పోతే ఏమీ ఉండదు. వెలిగేది కేంద్రబిందువు ఒక్కటే.

ఈ సంగతిలో అసలు లాభం మాకు బడ్జ్ బడ్జ్ ఘాట్ దగ్గర బాగా అర్థమవుతుంది. స్థానికులు బజ్‌బజ్ అనే ఈ ఊళ్లో హుగ్లీ నది బాగా వెడల్పు. జనవరి పొగమంచులో అవతల ఒడ్డు బౌరియా దీపాలన్నీ కలిసిపోయి ఒక పాలిపోయిన తెర అవుతుంది. ఏ వెలుగు ఏ దీపానిదో చెప్పలేం. అవతల ఒడ్డున ఒకే ఒక్క దీపం వెలుగుతోందనీ, అది ఎక్కడుందో మనకు ముందే తెలుసనీ అనుకోండి. అప్పుడు మంచులో చెదిరి ఏ దిక్కు నుంచి ఏ కాస్త వెలుగు మన కంటికి చేరినా అది ఆ దీపానిదే. లెక్కపెట్టుకుంటే చాలు. తర్వాత దాన్ని ఆర్పి పక్క దీపం వెలిగించి మళ్లీ లెక్కపెట్టాలి. టూ-ఫోటాన్ మైక్రోస్కోపు చేసేది అచ్చంగా ఇదే. లేజర్ బిందువును కణజాలం లోపల వరసగా జరుపుతూ, ఒక్కో చోటి నుంచి చెదిరి వచ్చిన మెరుపునంతా పోగు చేసి, చుక్క చుక్కగా బొమ్మ గీస్తుంది. మంచును తొలగించదు, మంచు ఉన్నా పని జరుపుకుంటుంది.

విశాఖ నుంచి బౌబజార్

ఈ కథలో కలకత్తాకు, మన విశాఖపట్నానికి ఒక వాటా ఉంది. చంద్రశేఖర వెంకట రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో అయినా, తండ్రి ఉద్యోగం 1892లో విశాఖపట్నం మిసెస్ ఏవీఎన్ కాలేజీకి మారడంతో చదువు మొదలైంది విశాఖలోనే. ఆయన కూడా తండ్రి ఉద్యోగం వెంట ఊరు మారిన పిల్లవాడే. తర్వాత ఆయనదీ బదిలీల ఉద్యోగమే. 1907లో ఆర్థిక శాఖలో చేరి కలకత్తా వచ్చారు, 1909లో రంగూన్, 1910లో నాగపూర్, 1911లో మళ్లీ కలకత్తా. ఆఫీసు అయ్యాక ఆయన వెళ్లేది 210 బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌కు. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన ఆ సంస్థ ఇప్పుడు జాదవ్‌పూర్‌లో ఉంది. బడ్జ్ బడ్జ్ లోకల్ ఎక్కి బాలిగంజ్‌లో దిగి బండి మారితే అట్టే దూరం కాదు.

1923లో రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీటి గుండా వెలుగు పంపి చూస్తుంటే రంగు మారిన వెలుగు కాస్త కనిపించింది. నీటిలో ఏదో మలినం ఉండి దాని ఫ్లోరసెన్స్ కాబోలు అనుకున్నారు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా ఆ వెలుగు పోలేదు. 1928లో రామన్, కె.ఎస్. కృష్ణన్ అనేక ద్రవాలతో పరీక్షించి, ఆ వెలుగు గట్టిగా ధ్రువితమై ఉందని చూశారు. మామూలు ఫ్లోరసెన్స్ అలా ఉండదు. అది ఫ్లోరసెన్స్ కాదని తేల్చడంతోనే రామన్ ఎఫెక్ట్ బయటపడింది. ఒక ఫోటాన్ వచ్చి, వేరే శక్తి గల ఫోటాన్ పోతుంది, రెండూ ఒకే చర్యలో. మధ్యలో అణువు ఏ మెట్టు మీదా ఆగదు.

ఒకే చర్యలో రెండు ఫోటాన్లు పాల్గొనవచ్చని ఒప్పుకున్నాక, ఒకటి వచ్చి ఒకటి పోయే బదులు రెండూ లోపలికే వస్తే? జర్మనీలో గోటింగెన్‌లో మాక్స్ బోర్న్ దగ్గర చదువుతున్న మరియా గోపర్ట్-మేయర్ 1930లో తన డాక్టరేట్ కోసం ఈ లెక్క వేసింది. 1931లో అచ్చయిన ఆమె వ్యాసం సారాంశంలో, రెండు ఫోటాన్లు కలిసి వెలువడే చర్యను రామన్ ఎఫెక్ట్‌కు సాటి అని పేర్కొంది. లెక్క ఉంది గానీ పరీక్షించడానికి అంత బలమైన వెలుగు అప్పుడు లేదు. 1960లో లేజర్ వచ్చింది. మరుసటి ఏడే కైజర్, గారెట్ అనే ఇద్దరు రూబీ లేజర్ ఎర్రటి వెలుగును యూరోపియం కలిసిన కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం మీద వేసి నీలి మెరుపును చూశారు. 1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనే ముగ్గురు దీన్ని మైక్రోస్కోపుగా మలిచారు. గోపర్ట్-మేయర్‌కు 1963లో నోబెల్ వచ్చింది, అయితే అది పరమాణు కేంద్రకం మీద చేసిన వేరే పనికి. రెండు ఫోటాన్ల పనికి గుర్తుగా ఒక అణువు రెండు ఫోటాన్లను ఎంత బాగా పట్టుకుంటుందో కొలిచే ప్రమాణానికి ఆమె పేరు పెట్టారు. దాన్ని జీఎం అంటారు. దశాంశ బిందువు తర్వాత 49 సున్నాలు పెట్టి 1 రాస్తే ఎంతో, అన్ని సెంటీమీటర్ నాలుగో ఘాత సెకన్లు ఒక జీఎం. అంత చిన్న ప్రమాణం పెట్టుకోవాల్సి వచ్చిందంటేనే ఈ జోడీ ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

ఇచ్చే కొస, పుచ్చుకునే కొస

మొదట్లో మైక్రోస్కోపు వాళ్లు పాత రంగులతోనే సరిపెట్టుకున్నారు. కంటి పరీక్షల్లో డాక్టర్లు వాడే ఫ్లోరసీన్‌కు 780 నానోమీటర్ల దగ్గర సుమారు 40 జీఎం ఉంటుంది. అది ఒక ఫోటాన్ కోసం పేరు తెచ్చుకున్న రంగు. రెండు ఫోటాన్ల కోసమే అణువును కడితే ఎంత దూరం పోవచ్చు?

ఇక్కడ మళ్లీ కర్కుమిన్ దగ్గరికి రావాలి. దాని నిర్మాణం కావడిలా ఉంటుంది. రెండు కొసల్లో రెండు బెంజీన్ వలయాలు, వాటి మీద ఎలక్ట్రాన్లను ముందుకు తోసే ఆక్సిజన్ గుంపులు. మధ్యలో ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే కీటోన్ భాగం. ఈ మూడింటినీ కలిపే బద్ద ఏమిటంటే, ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలు ఉన్న కార్బన్ గొలుసు. దాని పొడవునా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ జరగగలవు. తోసే గుంపును దాత అనీ, లాక్కునే గుంపును గ్రహీత అనీ అందాం. కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్ మబ్బు దాత నుంచి గ్రహీత వైపు ఎంత ఎక్కువ జరిగితే ఆ అణువు రెండు ఫోటాన్లను అంత బాగా పట్టుకుంటుంది. టూ-ఫోటాన్ రంగుల రూపకల్పనలో మూలసూత్రం ఇదే.

ఇది ఊహ కాదు, కొలిచి చూశారు. స్టిల్బీన్ అనే సాదా అణువులో రెండు బెంజీన్ వలయాల మధ్య ఒక ద్విబంధం ఉంటుంది. దాని విలువ సుమారు 12 జీఎం. రెండు కొసలకూ నైట్రోజన్ దాతల్ని తగిలిస్తే 210 దరిదాపుకు పెరిగింది. గొలుసును పొడిగించి, మధ్యలో గ్రహీతల్ని చేర్చి వెయ్యి దాటించామని 1998లో కొందరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కావడి అమరికలో ఇంకో విశేషం కూడా ఉంది. రెండు పక్కలా సరిసమానంగా, మధ్యలో కేంద్ర సౌష్ఠవంతో ఉన్న అణువుల్లో ఒక ఫోటాన్‌తో చేరగల మెట్టుకు రెండు ఫోటాన్లతో చేరడానికి వీల్లేదు. అవి వేరే మెట్టు ఎక్కాలి. కాబట్టి 400 దగ్గర మింగే రంగు 800 దగ్గర కూడా మింగుతుందిలే అని గుడ్డిగా రెట్టింపు చేస్తే తప్పుతుంది. కొలవాల్సిందే.

ఆ కొలత మన హైదరాబాద్‌లో కూడా జరుగుతోంది. ఐఐసీటీలో ఎల్. గిరిబాబు బృందం తయారు చేసిన థాలోసైనిన్ జాతి అణువుల్ని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డి. నారాయణరావు, సోమా వేణుగోపాలరావు వంటి వారు చిన్న దెబ్బల లేజర్లతో పరీక్షించారు. పద్ధతి పేరు జడ్-స్కాన్. రంగు ద్రావణాన్ని లేజర్ కేంద్రబిందువు ముందు నుంచి వెనక్కి మెల్లగా జరుపుతారు. బిందువుకు దూరంగా ఉన్నప్పుడు లేజర్ దాదాపు అడ్డు లేకుండా దాటిపోతుంది. సరిగ్గా బిందువు దగ్గరికి రాగానే రెండేసి ఫోటాన్లు మాయమై అవతలి వెలుగు తగ్గుతుంది. ఆ గుంట ఎంత లోతుందో చూసి జీఎంలు లెక్కగడతారు.

మరి పెద్ద సంఖ్య రాగానే పని అయిపోయినట్టేనా? మాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చింది ఇక్కడే, పరీక్షలో మార్కుల్లా జీఎంలు పోగేస్తే లాభం లేదు. పట్టుకున్న శక్తిని అణువు వెలుగుగా తిరిగి ఇవ్వాలి కదా. 1000 జీఎం ఉన్న అణువు నూటికి ఒక్కసారే మెరిస్తే దక్కేది 10. 100 జీఎం ఉన్నది నూటికి 60 సార్లు మెరిస్తే దక్కేది 60. చిన్నదే గెలిచింది. పైగా గొలుసు పొడవైన కొద్దీ అణువు జిడ్డుగా, బల్లపరుపుగా తయారై నీళ్లలో కరగదు, ఒకదాని మీద ఒకటి అప్పడాల దొంతరలా పేరుకుని మెరుపు కోల్పోతుంది. దాత, గ్రహీతల బలం మరీ పెంచితే నీటి అణువులు చుట్టుముట్టి ఆ శక్తిని వేడిగా లాగేస్తాయి. పసుపు స్పిరిట్లో మెరిసి నీళ్లలో వెలవెలబోవడంలో ఈ రెండు కారణాల పాలూ ఉంది. జీవకణంలో ఎక్కువ భాగం నీరే.

విడుపులో ఉన్న అణువు వణికి శక్తి పోగొట్టుకుంటుంది. దాన్ని బిగించడం ఒక ఉపాయం. కర్కుమిన్ మధ్యలోని రెండు ఆక్సిజన్లకు బోరాన్ డైఫ్లోరైడ్‌ను తాళంలా వేస్తే ఆ భాగం బిగుసుకుంటుంది, గ్రహీతగా దాని లాగే బలం కూడా పెరుగుతుంది. కొసల్లో ఆక్సిజన్‌కు బదులు నైట్రోజన్ దాతల్ని పెడితే మెరుపు ఎరుపు వైపు జరుగుతుంది. ఈ కుటుంబం అణువుల్ని టూ-ఫోటాన్ పనికి పరీక్షించారు కూడా. బోరాన్‌కూ పసుపుకూ ఈ స్నేహం కొత్తది కాదు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌లో ఉన్న బోరాన్‌ను రసాయనశాలలో గుర్తుపట్టడానికి పసుపు కాగితం వాడే పద్ధతి చాలా పాతది. మామూలు కర్కుమిన్‌కూ ఒక ఘనత ఉంది. అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల మెదడులో పేరుకున్న అమిలాయిడ్ గడ్డలకు అది వెళ్లి అంటుకుంటే, వాటిని బతికున్న ఎలుకలోనే ఈ తరహా మైక్రోస్కోపుతో చూశారు.

లోపలికి వెళ్లే దారి

కణానికి నూనె పొర లాంటి గోడ ఉంటుంది. జిడ్డు అణువు గోడలోకి సులువుగా వెళ్తుంది గానీ అక్కడే అంటుకుపోతుంది. నీళ్లలో బాగా కరిగే అణువు గోడ దాటలేదు. రెండు గుణాలూ కావాలి, అవి ఒకదానికొకటి పడవు. 1981లో రోజర్ సియన్ దీనికి దారి చూపాడు. కాల్షియాన్ని గుర్తుపట్టే అణువుకు రుణావేశం ఉన్న ఆమ్ల గుంపులు ఉంటాయి. వాటన్నిటినీ ఎస్టర్ ముసుగులతో కప్పేశాడు. ముసుగులో అది జిడ్డు అణువులా గోడ దాటిపోతుంది. కణం లోపలి ఎంజైములు ముసుగుల్ని కత్తిరించేస్తాయి. ఆవేశం బయటపడిన అణువు ఇక తిరిగి రాలేక లోపలే ఉండిపోతుంది. పగ్గం వేయకుండా కణం చేతనే తలుపు వేయించాడన్నమాట. ఈ ఉపాయాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

లోపల ఎక్కడికి పోవాలన్నది ఇంకో ప్రశ్న. మైటోకాండ్రియా లోపలి వైపు రుణావేశం ఉంటుంది, కాబట్టి ధనావేశం ఉన్న ఫాస్ఫోనియం గుంపును తోకలా తగిలిస్తే రంగు నేరుగా అక్కడికి చేరుతుంది. లైసోజోముల లోపల ఆమ్లం ఉంటుంది, బలహీనమైన క్షార గుంపు తగిలిస్తే అక్కడికి పోయి చిక్కుకుంటుంది. దక్షిణ కొరియాలో బాంగ్ రే చో బృందం ఇలాంటి రంగుల్ని వరసగా తయారు చేసింది. వాళ్లు ఎంచుకున్నది పొడవైన కావడి అణువు కాదు. రెండు వలయాల నాఫ్తలీన్‌కు ఒక కొసన నైట్రోజన్ దాత, రెండో కొసన అసిటైల్ గ్రహీత, అంతే. నాఫ్తలీన్ అంటే బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలే. జీఎంలు వందకు అటూ ఇటూ. అయినా అణువు చిన్నది, కణంలో ఇముడుతుంది, బాగా మెరుస్తుంది. రికార్డు సంఖ్యలకంటే ఈ చిన్న అణువులే ఎక్కువ పనికొచ్చాయని మా అభిప్రాయం.

దాత వైపు ఒక కొక్కెం తగిలిస్తే రంగు కబురు కూడా చెబుతుంది. కొక్కెం ఖాళీగా ఉన్నంతసేపు దాని నైట్రోజన్ మీది ఎలక్ట్రాన్లు రంగు భాగంలోకి దూకి మెరుపును ఆర్పేస్తుంటాయి. కాల్షియం వచ్చి కొక్కేనికి చిక్కగానే ఆ ఎలక్ట్రాన్లు దానికి కట్టుబడిపోతాయి, మెరుపు వెలుగుతుంది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడినట్టు, పరిసరం మారిందన్న సంగతిని రంగే చెప్పేస్తోంది. నాడీకణం కబురు పంపేటప్పుడు దానిలోకి కాల్షియం దూసుకువస్తుంది కాబట్టి, మైక్రోస్కోపులో ఆ కణం మిణుక్కుమంటుంది.

అసలు రంగే వేయకుండా చూడటం కుదరదా అని అడగవచ్చు. కొంత కుదురుతుంది. 1997లో కార్నెల్‌లో పనిచేస్తున్న సుదీప్త మైతి, సహచరులు మూడేసి ఫోటాన్లతో బతికున్న కణాల్లోని సెరొటోనిన్‌ను దాని సొంత మెరుపుతోనే చూశారు. తర్వాత ఆయన ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటి పనే చేశారు. కానీ కణంలో సొంతంగా మెరిసే అణువులు కొన్నే, వాటి మెరుపూ తక్కువే.

ఇక మిగిలింది ఎండలో వెలిసిన పసుపు మరక. రంగు అణువు పైమెట్టు మీద ఉన్నప్పుడు ఒక్కోసారి కిందికి దిగకుండా పక్కనున్న ఇంకో మెట్టుకు జారి, అక్కడ ఎక్కువసేపు ఉండిపోతుంది. ఆ సమయంలో పక్క నుంచి పోతున్న ఆక్సిజన్‌కు తన శక్తిని ఇస్తే, అది చురుకైన ఆక్సిజన్‌గా మారి ముందు రంగునే విరిచేస్తుంది, తర్వాత చుట్టూ ఉన్న కొవ్వు పొరల్ని, ప్రొటీన్లని కూడా. చూడటానికి పెట్టిన దీపమే ఇల్లు తగలబెట్టినట్టు. బ్రోమిన్, అయోడిన్ లాంటి బరువైన పరమాణువులు ఉంటే ఈ జారుడు ఎక్కువవుతుంది కాబట్టి ఇమేజింగ్ రంగుల్లో వాటిని తప్పిస్తారు. క్యాన్సర్ కణాల్ని కావాలనే చంపే వైద్యంలో ఇదే దోషాన్ని పెంచి వాడుకుంటారు. టూ-ఫోటాన్ పద్ధతిలో రంగు వెలిగేది బిందువు దగ్గరే కాబట్టి ఈ నష్టం కూడా చాలావరకు ఆ బిందువుకే పరిమితం. కానీ ఆ బిందువు దగ్గర లేజర్ మరీ బలంగా ఉంటే అక్కడి కణానికి ముప్పే. రంగు ఎంత బాగా మెరిస్తే లేజర్ బలాన్ని అంత తగ్గించవచ్చు. జీఎంల కోసం ఇంత తంటాలు పడేది బొమ్మ అందంగా రావడానికి మాత్రమే కాదు.

అందుకే కొత్త రంగు తయారయ్యాక చివరి పరీక్షలో బొమ్మను పక్కన పెడతారు. ఒకే జాతి కణాల్ని నాలుగు గిన్నెల్లో పెంచుతారు. ఒకదానికి రంగూ లేదు, లేజరూ లేదు. ఒకదానికి రంగు మాత్రమే, ఇంకోదానికి లేజర్ మాత్రమే, నాలుగోదానికి రెండూ. రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచి, మర్నాడు నాలుగు గిన్నెల్లోనూ ఎన్ని కణాలు బతికున్నాయో, ఎన్ని రెండుగా చీలాయో లెక్కపెడతారు. నాలుగో గిన్నెలోని లెక్క మొదటి గిన్నెలోని లెక్కకు దగ్గరగా వస్తేనే ఆ రంగు సీసా మీద పేరు రాసి ఫ్రిజ్‌లో దాస్తారు. రాకపోతే అణువు బొమ్మ మళ్లీ కాగితం మీదికి వస్తుంది, ఒక దాతను తీసేసి ఇంకోటి పెట్టి చూడటానికి.